మసి అంటని అక్షరం

మా మైదుకూరు పక్క పల్లెల్లో అక్షరాలున్న రాయి కనబడితే జనానికి ముందు తట్టేది గుప్తనిధి. ఫలానా బండ కింద లంకెబిందెలున్నాయని రాత్రిపూట తవ్వి, ఏమీ దొరక్క, ఆ కోపంలో రాయిని పగలగొట్టి పోయినవాళ్ళ కథ ఏ ఊర్లో అడిగినా ఒకటి చెబుతారు. ఆ రాయిలో దాగి ఉన్నదాన్ని బయటికి తీయడానికి గడ్డపారతో పని లేదు. ఒక బక్కెట నీళ్ళు, రెండు బ్రష్షులు, నాలుగు పెద్ద కాగితాలు, దూది కట్టిన గుడ్డమూట ఒకటి, కాస్త దీపపు మసి ఉంటే చాలు. ఆ పని నేను మొదటిసారి చూసింది ఒక పల్లె గుడి ముందర, చింతచెట్టు నీడలో. చేసినాయన శాసనాల నకళ్ళు తీస్తూ, చదువుతూ ఉద్యోగం చేసి రిటైరైన పెద్దమనిషి.

నేనాయన దగ్గరికి పోయిన పని వేరే. మగవేషంలో యుద్ధానికి పోయిన ఆడవాళ్ళ గురించి చదువుతున్న రోజులవి. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమాలో అనుష్క కవచం తొడుక్కొని గుర్రమెక్కింది గదా, ఏడువందల ఏళ్ళ కిందటి మనిషి మగవాడిలా బతికిందని మనకు చెప్పిందెవరు, ఏ ఆధారంతో చెప్పారు అని నా అనుమానం. అడిగితే ఆయన జవాబు చెప్పలేదు. "రేపు పొద్దున్నే రా నాయనా, రాయి కడగాల" అన్నాడు.

కడగడమే సగం పని. గుడి దగ్గరి రాయికి ఏళ్ళ తరబడి నూనె, పసుపు, కుంకుమ పట్టి ఉంటాయి. పైన సున్నం పూత. దాని మీద ఈ మధ్య తిరునాళ్ళకు వేసిన ఆయిల్ పెయింటు. ఇనపబ్రష్షు తగిలిందంటే అక్షరం అంచు అరిగిపోతుంది కాబట్టి ఆయన దాన్ని దగ్గరికి రానీడు. నీళ్ళు పోసి, నానబెట్టి, మెత్తటి కుచ్చుతో గాడి పోయిన దారినే తోముతాడు. మా కడప బండలకు ఇంకో గుణముంది, పొరలు పొరలుగా లేస్తాయి. లేచిన పొర మీద చేయి పడితే దాంతోపాటు రెండక్షరాలు ఊడి వస్తాయి. అందుకని ముందు గోటితో తట్టి చూస్తాడు. డొల్ల చప్పుడు వచ్చిన చోటును అసలు తోమడు.

కడిగిన రాయిని ఆయన వెంటనే కాగితానికి అప్పగించలేదు. ఎండ ఏటవాలుగా పడేదాకా కూర్చున్నాడు. నడినెత్తిన ఎండలో గాడికీ పైభాగానికీ తేడా తెలియదు. పొద్దునో సాయంత్రమో వెలుతురు పక్క నుంచి వస్తే ప్రతి గాడిలోనూ సన్నని నీడ నిలుస్తుంది. చెట్టు నీడ అడ్డమొస్తే అద్దం ముక్కతో వెలుతురును మళ్ళిస్తాడు. ఆ కాసేపట్లో పంక్తులెన్ని, ఎక్కడ పగులుంది, పక్కముఖాల మీద కూడా రాత ఉందా అన్నది నోటుబుక్కులో రాసుకుంటాడు. తర్వాత కాగితం చూసి కంగారు పడకుండా ఈ రాత కాపాడుతుంది. రాతి మీదున్న పగులు కూడా కాగితం మీద అక్షరంలాగే కనబడుతుంది మరి.

ఇప్పుడు కాగితం. దాన్ని నీళ్ళలో ముంచి, రెండు మూలలు పట్టి, రాయి పైఅంచు నుంచి కిందికి జారవిడుస్తాడు. గట్టి కుచ్చున్న బ్రష్షుతో నడుమ నుంచి అంచులకు కొడుతూ పోతాడు. లోపల గాలిబుడగ మిగిలిందంటే అక్కడి అక్షరం పోయినట్టే. దెబ్బ నిలువుగా పడాలి, పక్కకు గీరుకుంటే తడికాగితం చిరుగుతుంది. తట్టగా తట్టగా కాగితం గాడిలోకి దిగుతుంది. దిగిన చోట పలచగా సాగి రాతిని కరుచుకుంటుంది. ఒక్క కాగితం చాలకపోతే రెండోదాన్ని మొదటిదాని అంచు మీదికి నాలుగు వేళ్ళంత ఎక్కించి అతుకుతాడు.

తర్వాత ఆగడం. ఈ ఆగడాన్ని పుస్తకంలో చదివి నేర్చుకోలేం. మరీ తడిగా ఉంటే మసి పీల్చుకొని చెదురుతుంది. మరీ ఆరితే కాగితం రాతిని వదిలేసి లేస్తుంది. ఆయన మునివేళ్ళతో కాదు, వేళ్ళ వెనకపక్కతో తాకి చూస్తాడు. చల్లగా ఉండాలి, తడి అంటకూడదు. మా ఎండల్లో ఆ అదను పట్టుమని పది నిమిషాలుండదు. "ఇప్పుడు మాట్లాడించొద్దు నాయనా" అని ముందే చెప్పినాడు.

దీపపు మసిలో బంకనీళ్ళు కలిపి చేసిన సిరాను ఒక పళ్ళెంలో పలచగా పరిచి, దూదిమూటను దానికి తాకించి, ముందు ఒక పాత గుడ్డ మీద అద్ది ఎక్కువైనది వదిలించి, అప్పుడు కాగితం మీద తట్టడం మొదలుపెట్టాడు. మొదటి విడత బూడిదరంగు. రెండో విడతకు నలుపు. మూడో విడతకు అక్షరాలు నిలబడ్డాయి. రాతి మీద ఎత్తుగా ఉన్న చోటంతా మసి పట్టింది, గాడిలోకి దిగిన కాగితానికి అంటలేదు. నల్లటి నేల మీద తెల్లటి రాత. పైగా సిరా పడింది కాగితం బయటివైపు గనక రాత తిరగబడలేదు, ఎడమ నుంచి కుడికి చక్కగా చదువుకోవచ్చు. మనం చదివేది మసిని కాదు, మసి చేరని చోటును. నా అనుమానానికి ఆయన నోటితో చెప్పని జవాబు అదేనని తర్వాత అర్థమైంది.

ఆరిన కాగితాన్ని పై నుంచి నిదానంగా ఒలిచి, వెనక పెన్సిలుతో ఊరి పేరు, గుడి పేరు, రాయి ఏ దిక్కుకు నిలబడి ఉంది, అది ఏ ముఖం, తీసిన తేదీ రాస్తాడు. ఈ ఐదు మాటలు లేని నకలు తల్లీతండ్రీ లేని బిడ్డ అంటాడు.

రుద్రమ వంశమైన కాకతీయుల కాలపు రాతను నేటి తెలుగు చదువరి సగం గుర్తుపడతాడు, సగం దగ్గర తడబడతాడు. ప, వ, మ ఒకే ఇంటి బిడ్డల్లా ఉంటాయి. తల తెరుచుకుందా మూసుకుందా, కొమ్ము ఎక్కడ మొదలైంది అన్నదే తేడా. ద, ధ ఒకేలా చెక్కిన చోట్లు ఎక్కువ. 'మార్గశిర' అని మనం ర కింద గ పెట్టి రాసే చోట, వాళ్ళు గ రాసి దాని కుడిపక్కన చిన్న గిలక పెట్టేవాళ్ళు. దాని పేరు వలపలగిలక. అది తెలియనివాడు గిలకను ఇంకో అక్షరమనుకొని పంక్తంతా పక్కదారి పట్టిస్తాడు. ఒకసారి లిపి పట్టుబడ్డాక శాసనం నడక దాదాపు ముందే తెలిసిపోతుంది. మొదట శుభం, తర్వాత శకసంవత్సరం, అప్పుడేలుతున్న రాజు, దానం చేసిన మనిషి, ఇచ్చిన భూమి, దాని ఎల్లలు, చివర్న ఈ ధర్మం చెడగొట్టినవాడికి శాపం. రుద్రమ దాక్కున్నది ఈ వరసలో మూడో చోట. ఏలుతున్న రాజు ఎవరయ్యా అంటే, రుద్రదేవ మహారాజు.

ఈ పేరుతో చిక్కు ఏమిటంటే కాకతీయుల్లో రుద్రదేవులు ముగ్గురు. హనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించి 1163లో అక్కడ శాసనం వేయించినాయన ఒకడు. రుద్రమ తండ్రి గణపతిదేవుడికి ఆయన పెదనాన్న. రెండో రుద్రదేవుడు రుద్రమ. మూడో ఆయన ఆమె మనవడు ప్రతాపరుద్రుడు, ఆయన్ను కొన్ని శాసనాలు కుమార రుద్రదేవుడంటాయి. తాత కాలం నుంచి మనవడి కాలం దాకా ఒకే పేరు రాళ్ళ మీద నడుస్తుంటే నడుమ ఉన్నది ఆడమనిషి అని పేరు చూసి చెప్పలేం. ముందు తేదీ పట్టుకోవాలి. తర్వాత ఆ రాయిలో పేర్కొన్న సేనాపతులు, మంత్రులు ఇంకెక్కడెక్కడ కనబడుతున్నారో వెతకాలి. ఆ పైన బిరుదులు సరిచూడాలి. 'రాయగజకేసరి', అంటే శత్రురాజులనే ఏనుగుల పాలిటి సింహం అన్న బిరుదు రుద్రమకు ముఖ్యమైంది.

ఇంకో సంగతి నాకు నేనుగా తట్టింది, పెద్దాయన కాదనలేదు. తెలుగు శాసనంలో రాజు పేరు తర్వాత వచ్చే రివాజు మాట 'రాజ్యం సేయుచుండగాను'. ఈ క్రియకు ఆడా మగా లేదు. 'చేసినాడు' అన్నా, 'చేసింది' అన్నా ఏదో ఒకటి బయటపడేది. 'చుండగాను' దగ్గర మాత్రం మన భాష పెదవి బిగించుకుంటుంది. 'మహారాజు' పక్కన 'లు' చేర్చి గౌరవబహువచనం చేస్తే ఉన్న కాస్త ఆనవాలూ పోతుంది. వేషం బట్టల్లో ఉంటే కాలం దాన్ని ఎప్పుడో చివికించేది. ఇక్కడ వేషం వేసుకున్నది పేరు, దానికి కాపలా కాసింది వ్యాకరణం.

మరి ఆ వేషాన్ని తీసిందెవరు? మందడం పక్కనున్న మల్కాపురంలో నంది కూర్చున్న రాతిస్తంభం ఒకటుంది. శకం 1183, దుర్మతి సంవత్సరం, అంటే 1261. శైవాచార్యుడు విశ్వేశ్వర శంభువుకు గణపతిదేవుడు ఇస్తానన్న మందడాన్ని, దాంతోపాటు వెలగపూడిని కూడా ఆయన కూతురు రుద్రమ దానం చేసిందని దాని మీది సంస్కృత శ్లోకాలు చెబుతాయి. ఆ ఆదాయంతో నడిచిన మఠం, బడి, అన్నసత్రం, ప్రసూతిశాల, వైద్యశాల సంగతులూ అందులోనే ఉన్నాయి. ఇవ్వాళ సచివాలయం ఉన్న వెలగపూడి అదే. సంస్కృతంలో 'కూతురు' అన్న మాటను ఏ ప్రత్యయంతోనూ దాచలేం. తెలుగు పంక్తి మూసిన తలుపును ఆ శ్లోకం తెరిచింది.

దాన్నిబట్టి చూస్తే ఇది రహస్యం కాదు. ఊరందరికీ తెలుసు. తండ్రే ఆమెకు రుద్రుడని పేరు పెట్టాడని విద్యానాథుడు 'ప్రతాపరుద్రీయం'లో రాశాడు. ఆమె భర్త నిడదవోలు చాళుక్య వంశపు వీరభద్రుడు. మహారాజుకు మొగుడున్నాడని తెలిసిన సామంతులే ఆమెను మహారాజని రాళ్ళ మీద చెక్కించారు. పరదేశాల్లో సిపాయి వేషం కట్టిన ఆడవాళ్ళ కథ దీనికి సరిగ్గా తలకిందులు. హానా స్నెల్ అనే ఇంగ్లీషామె జేమ్స్ గ్రే అన్న పేరుతో నౌకాసైన్యంలో చేరి మన తీరానికే వచ్చింది. 1748లో పుదుచ్చేరి ముట్టడిలో గాయపడింది. 1750లో లండన్ చేరాక తాను ఆడదాన్నని చెప్పుకుంది, అదే ఏడాది ఆమె కథ పుస్తకంగా అచ్చయింది. పుస్తకం అమ్ముడుపోవడానికి కల్పించినవి అందులో బోలెడు. అందుకని పరిశోధకులు దాన్ని పక్కనపెట్టి పటాలం హాజరుపట్టీలు, చెల్సీ ఆసుపత్రి పింఛను పుస్తకం తిరగేశారు. పుదుచ్చేరి గాయానికి పింఛను ఇచ్చినట్టు ఆ పుస్తకంలో ఉంది. అమెరికా అంతర్యుద్ధంలో మగపేర్లతో పోరాడిన సుమారు 250 మంది ఆడవాళ్ళను డీఆన్ బ్లాంటన్, లారెన్ కుక్ ఇలాగే సైనిక రికార్డులు, పింఛను కాగితాలు, ఉత్తరాలు, అప్పటి పత్రికలు తిరగేసి పట్టుకున్నారు. అక్కడ గుమాస్తా కలం సాక్ష్యం చెప్పింది. మనకు హాజరుపట్టీలు లేవు, ఉలి ఉంది.

ఉలిని పట్టించుకోకుండా ఊరి మాట నమ్మితే ఏమవుతుందో చెప్పడానికి మార్కోపోలో కంటే మంచి సాక్షి లేడు. మోటుపల్లి రేవు సంగతి రాస్తూ ఆయన ఆ దేశాన్ని ఒక రాణి ఏలుతోందన్నాడు, న్యాయమూ శాంతీ ఎరిగినదని మెచ్చుకున్నాడు, ఆ తీరపు సన్నటి బట్టల గురించీ, లోపలి దేశంలో దొరికే వజ్రాల గురించీ రాశాడు. అంతా బాగుంది గాని ఆమెను చనిపోయిన రాజు భార్యను చేశాడు. కూతురు భార్య అయిపోయింది. ఈ పొరపాటు చాలాకాలం చరిత్ర పుస్తకాల్లో తిరిగింది. శాసనాలు ఒక్కొక్కటే చదువుతూ పోయాకగాని తండ్రీకూతుళ్ళ వరస కుదుటపడలేదు.

అన్నిటికంటే నాకు ముచ్చట గొలిపే రాయి చందుపట్ల రాయి. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి పల్లె అది. దాన్ని వేయించింది రాజూ కాదు, మంత్రీ కాదు, పువ్వుల ముమ్మడి అనే సేవకుడు. కాకతి రుద్రమదేవీ, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడూ శివలోకం చేరారు, వాళ్ళకు పుణ్యం కలగాలని ఊరి దేవుడికి భూమి ఇస్తున్నానంటాడు. తేదీ శకం 1211, విరోధి సంవత్సరం, మార్గశిర మాసం.

ఈ తేదీని సరిచూసే పద్ధతి ఎవరైనా ఇంట్లో కూర్చొని చేసుకోవచ్చు. శకానికి 78 కలిపితే 1289. విరోధి నిజంగా ఆ ఏడే వచ్చిందా? మన సంవత్సరాల పేర్లు అరవై ఏళ్ళకోసారి తిరిగి వస్తాయి. 2009 ఉగాదికి మొదలైంది విరోధి, పంచాంగం విన్నవాళ్ళకు గుర్తుండాలి. 2009లో నుంచి 1289 తీసేస్తే 720. అరవై పన్నెండ్లు. సరిపోయింది. మల్కాపురం దుర్మతికీ ఇదే లెక్క, 1981లో వచ్చింది దుర్మతే. ఆ తర్వాత మాసం, తిథి కుదురుతున్నాయా అని స్వామికణ్ణు పిళ్ళె తయారుచేసిన పట్టికల్లో చూస్తారు, రాతి మీద వారం కూడా ఉంటే దాన్నీ కలిపి చూస్తారు. ఇవన్నీ ఒక్క రోజు దగ్గర కలిస్తేనే తేదీ నిలిచినట్టు. ఒకటి తప్పినా చెక్కినవాడు పొరబడ్డాడా, చదివినవాడు పొరబడ్డాడా అని మళ్ళీ నకలు ముందర కూర్చోవాలి. చందుపట్ల తేదీ నిలిచింది, 1289 నవంబరు 27.

పుచ్చా వాసుదేవ పరబ్రహ్మశాస్త్రి ఈ శాసనాన్ని చదివి వివరించేదాకా రుద్రమ పాలన 1295 దాకా సాగిందని రాసేవాళ్ళు. ఒక సేవకుడు వేయించిన చిన్న రాయి ఒక మహారాజు కాలాన్ని ఆరేళ్ళు వెనక్కి జరిపింది. అంతకంటే నన్ను ఆపింది వేరే ఉంది. అంతకాలం రుద్రదేవ మహారాజుగా నడిచిన మనిషిని, పోయాక పుణ్యం కోరే చోట, ఆ సేవకుడు దేవి అన్నాడు.

ఆమె ఎట్లా పోయిందో ఆ రాయి చెప్పదు. రాణీ సేనానీ ఒక్కసారే శివలోకం చేరారంటే యుద్ధభూమే అయుండాలని శాస్త్రిగారి ఊహ. ఎవరితో యుద్ధం అన్నచోట కథ మా జిల్లాకు వస్తుంది. కాయస్థులని ఒక నాయకుల కుటుంబం ఉండేది. వాళ్ళలో మొదటివాడు గంగయ సాహిణిని గణపతిదేవుడు చేరదీశాడు. సాహిణి అంటే గుర్రపుదళం చూసేవాడు. ఆ వంశపు అంబదేవుడి రాజధాని వల్లూరు. కడప నుంచి కమలాపురం పోయే దారిలో, పుష్పగిరికి దగ్గర్లో ఉన్న వల్లూరే. ఆయన 1290లో త్రిపురాంతకంలో పెద్ద శాసనం వేయించి తన గెలుపులన్నీ ఏకరువు పెట్టాడు, తన పైన కాకతీయుల ఏలుబడి ఉందన్న మాట మాత్రం రాయించలేదు. చందుపట్ల రాయి నిలిచి ఏడాది కూడా సరిగా తిరగలేదు. ఒక రాయిలో చావు, ఇంకో రాయిలో ఏలిక పేరు లేకపోవడం. రెండు ఖాళీలను పక్కపక్కన పెట్టి చరిత్రకారుడు గీత గీస్తాడు. ఆ గీతను పెన్సిలుతో గీయాలి, సిరాతో కాదు అనే జాగ్రత్త కూడా ఆ వృత్తిలో భాగమే.

ఇంతకీ ఆమె మగదుస్తులు వేసిందా? రాళ్ళు పేరును గురించి చెబుతాయి, బట్టల గురించి చెప్పవు. వరంగల్ దగ్గర బొల్లికుంట గుడిలో గుర్రమెక్కి కత్తి పట్టిన శిల్పాన్ని రుద్రమగా గుర్తించి పురావస్తు శాఖవాళ్ళు 2017లో ప్రకటించారు. వరంగల్ కోటలో సింహం మీద కత్తీ డాలుతో ఉన్న స్త్రీమూర్తిని కూడా 'రాయగజకేసరి' బిరుదుతో ముడిపెట్టి ఆమేనంటారు. రెండూ పోలికలతో, గుర్తులతో చేసిన నిర్ణయాలు. వాటిని వాటి బరువు మేరకే మోయాలి. సినిమా కవచానికి ఇంతకంటే గట్టి మేకు ఎక్కడా కొట్టి లేదు.

చందుపట్ల రాయిని వివరించిన పరబ్రహ్మశాస్త్రే మా కడప జిల్లా శాసనాల సంపుటాలకూ సంపాదకుడు. మైదుకూరులో బస్సెక్కి ఖాజీపేట, చెన్నూరు దాటి కడపలో దిగితే బ్రౌన్ గ్రంథాలయముంది. అక్కడ కూర్చొని శాసన సంపుటాలు తిరగేయడం నాకు అలవాటైంది. అచ్చులో శాసనపాఠం చూడటానికి కళావిహీనంగా ఉంటుంది. ప్రతి పంక్తికీ అంకె, సందేహమున్న అక్షరానికి బ్రాకెట్టు, పోయిన అక్షరాలకు చుక్కలు. ఆ బ్రాకెట్టు వెనక ఒక ఎండ, ఒక బక్కెట, వేళ్ళ వెనకపక్కతో తాకి చూసిన ఒక చల్లదనం ఉన్నాయని తెలిశాక ఆ పేజీ నాకు వేరేగా కనబడటం మొదలైంది.

చింతచెట్టు కింద తీసిన నకలును పెద్దాయన ఇంట్లో గోడకు బిగించి రెండు సాయంత్రాలు చదివాడు. చెరువు కింద భూమి ఎవరో గుడికి ఇచ్చారు. ఎల్లలు బాగా తెలుస్తున్నాయి. తేదీ ఉండాల్సిన చోట పొర లేచిపోయింది, రాజు పేరు ఉండాల్సిన చోటా అంతే. 'దేవ' ఒక్కటే మిగిలింది. రుద్రదేవ అయుండొచ్చు గదా సార్ అన్నాను, ఆశ ఆపుకోలేక. ఆయన కళ్ళజోడు పైకి తోసి, 'దేవ'కు ముందున్న నల్లటి మరక మీద బొటనవేలు ఆనించి, కింది పంక్తిలో అంత వెడల్పులో ఎన్నక్షరాలు పట్టాయో లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. తర్వాత నోటుబుక్కులో 'దేవ'కు ముందు నాలుగు చుక్కలు పెట్టి, కింది పంక్తికి పోయాడు.